క్రైస్తవ రొమాంటిక్ సస్పెన్స్ నవల రాయడం ఎలా: ముడి వేయడం నుంచి చివరి దిద్దుబాటు దాకా

ప్రేమకథ రాయగలిగిన వాళ్ళున్నారు, క్రైమ్ కథ రాయగలిగిన వాళ్ళున్నారు, వాక్యం (బైబిలు మాట) చెప్పగలిగిన వాళ్ళయితే మన సంఘాల్లో లెక్కలేనంతమంది. ఈ మూడూ ఒకే నవలలో పెట్టబోతే మాత్రం సాధారణంగా ఇలా తయారవుతుంది: నాలుగు చాప్టర్లు ప్రేమ నడుస్తుంది, ఐదో చాప్టర్‌లో ఎవరో లారీతో గుద్దబోతారు, ఆరో చాప్టర్‌లో పాస్టర్ గారు వచ్చి రెండు పేజీల ప్రసంగం చేసి వెళ్తారు, ఏడులో మళ్ళీ ప్రేమ. దేన్ని తీసేసినా మిగతా రెండూ హాయిగా నడుస్తాయి. అదే అసలు జబ్బు. ఈ గైడ్ అంతా ఆ జబ్బు రాకుండా చూసుకోవడం గురించే.

ఈ జానర్ ఒక పద్ధతిగా ఎదిగింది అమెరికాలో. అక్కడ హార్లెక్విన్ సంస్థ లవ్ ఇన్‌స్పైర్డ్ సస్పెన్స్ అని దీనికోసం ఒక ప్రత్యేక వరసే నడుపుతోంది. బెథనీ హౌస్, రెవెల్ లాంటి క్రైస్తవ ప్రచురణ సంస్థలు ఇంకాస్త పెద్ద నవలలు వేస్తాయి. అక్కడి పద్ధతులు క్లుప్తంగా చెప్పాలంటే: పడకగది సీన్లు, బూతులు ఉండవు. హింస ఉన్నా రక్తాన్ని కళ్ళకు కట్టరు. ప్రమాదం మొదటి పేజీల్లోనే మొదలవుతుంది, ప్రేమా ప్రమాదమూ సరిసమానంగా నడుస్తాయి, చివరికి జంట కలుస్తుంది. హార్లెక్విన్ వరసలో నవల 55 వేల ఇంగ్లీషు పదాల చుట్టుపక్కల ఉంటుంది. తెలుగులో విభక్తులు, క్రియలు పదంలోనే కలిసిపోతాయి కాబట్టి అదే కథ ఇంకా తక్కువ పదాల్లో అయిపోతుంది. నేనైతే 40 వేలు పెట్టుకోమంటాను.

ఈ పద్ధతులు తీసుకోండి. మంచు తుఫానులో ఒంటరి కేబిన్, ఎఫ్‌బీఐ ఏజెంట్, హీరో ఇంట్లో వారం రోజులు దాక్కునే హీరోయిన్, వీటిని మాత్రం అక్కడే వదిలేయండి. మన ఊళ్ళో పెళ్ళికాని అమ్మాయి ఒక మగాడి ఇంట్లో అరగంట కూర్చుంటే సాయంత్రానికి పిన్నికి ఫోను వెళ్తుంది. ఇది అడ్డంకిలా కనిపిస్తుంది గానీ రచయితకి వరం. ఎందుకో ఆరో అడుగులో చెబుతాను.

చెప్పేది గాల్లో ఉండకుండా ఒక కల్పిత కథని మొదటినుంచి చివరిదాకా కట్టుకుంటూ వెళ్దాం. ఊరు నరసాపురం పక్కన ఒక పల్లె. పల్లె పేరు, సంఘం పేరు, మనుషులు అందరూ కల్పితమే.

మొదటి అడుగు: మూడు పోగులకీ ఒకటే ముడి

ప్లాట్ కంటే ముందు ఒక ప్రశ్న కావాలి. ఆ ప్రశ్న ప్రేమకథలోనూ, నేరంలోనూ, విశ్వాసంలోనూ ఒకటే అయ్యుండాలి. మన కథకి నేను పెట్టుకున్న ప్రశ్న: నిజం చెబితే చేతిలో ఉన్నది పోతుందని తెలిసినా చెబుతావా?

కెజియాకి 29 ఏళ్ళు, విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసులో పని. నాన్న ఒకప్పుడు సంఘ కోశాధికారి. సంఘం డబ్బు తిన్నాడన్న నింద మీదుండగానే 2016లో కాలవలో శవమై తేలాడు. ఆయన పేరు కడగాలని ఆమె ఆరాటం. సుధీర్ ఆ ఊరి గ్రామ సర్వేయర్. రీసర్వే (భూముల్ని ప్రభుత్వం మళ్ళీ కొలవడం) చేస్తుంటే క్రైస్తవుల సమాధుల తోట పాత ఎఫ్‌ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎకరా 40 సెంట్లు ఉండి, నేల మీద 80 సెంట్లే తేలింది. మిగతా 60 సెంట్లు ఎవరో మింగారు. ఆ ఎవరో బయటపడితే నాన్న కథ కూడా బయటపడుతుంది. కానీ అక్రమానికి మొదటి కాగితం మీద సంతకం నాన్నదే. నిజం చెబితే కెజియాకి పోయేది ఆమె కాపాడాలనుకున్న ఆ పేరే.

ఇప్పుడు పరీక్ష. విశ్వాసాన్ని కథలోంచి పూర్తిగా తీసేసి చూడండి. నేరం అలాగే తేలిపోతే మీ ముడి సరిగా పడలేదు. ప్రేమని తీసి చూడండి, సస్పెన్స్‌ని తీసి చూడండి. ఏది తీసినా మిగతా రెండూ కూలిపోవాలి. ఇక్కడ వారం పట్టినా పరవాలేదు, ఎందుకంటే 20వ చాప్టర్‌లో కథ ఆగిపోయిందని ఏడ్చే వాళ్ళలో చాలామందికి ముడి ఊడింది ఇక్కడే.

రెండో అడుగు: ఏ సంఘం, ఏ ఊరు

"క్రైస్తవ కుటుంబం" అని రాసి వదిలేస్తే కుదరదు. గుంటూరు లూథరన్లు, ఒంగోలు బాప్టిస్టులు, మెదక్, దోర్నకల్ వైపు సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళు, గుణదల మాత ఉత్సవానికి ఫిబ్రవరిలో కొండెక్కే కతోలిక్కులు, షెడ్డు కింద కీబోర్డు పెట్టి ఆరాధించే పెంతెకొస్తు సంఘాలు, వీళ్ళ మాటా వేరు, పెత్తనం ఎవరిదన్నదీ వేరు. కతోలిక్కుల కథలో విచారణ గురువు (ఆ గుడి ఫాదరు) మీద బిషప్ ఉంటాడు. ఇండిపెండెంట్ సంఘంలో పాస్టర్ గారి మాటే చట్టం, ఆస్తి కూడా ఒక్కోసారి ఆయన పేరు మీదే. బ్రదరన్ సంఘాల్లో జీతం తీసుకునే పాస్టర్ ఉండడు, పెద్దలే నడుపుతారు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు బౌడెన్, బీర్ నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో నాటింది ఆ సంప్రదాయాన్నే. పెత్తనం ఎక్కడుంటే నేరానికి తాళంచెవి అక్కడుంటుంది, కాబట్టి ఇది వాతావరణం కోసం చేసే ఎంపిక అనుకోకండి, ప్లాట్ ఇక్కడినుంచే పుడుతుంది.

మన కథకి నేను లెంటు (ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలం) పాటించే, కమిటీ ఉన్న పాత మిషన్ సంఘాన్ని ఎంచుకున్నాను. చాలా పెంతెకొస్తు, బ్రదరన్ సంఘాల్లో లెంటు ఉండదు, నాకేమో లెంటు కావాలి. ఎందుకన్నది ఐదో అడుగులో.

ప్రాంతం నిజమైనది పెట్టండి, పల్లెనీ సంఘాన్నీ మాత్రం కల్పించండి. నిజం సంఘం పేరు పెట్టి అందులో దొంగని కూర్చోబెడితే నవలకి ముందు లాయర్ నోటీసు చదువుకోవాల్సి వస్తుంది. ఇక ఊరిని వాడుకోవడమంటే దాని లక్షణాన్ని భయానికి వాడుకోవడం. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ట గోదావరిని పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటేటప్పుడు మధ్యలో దిగే దారి లేదు. వెంటాడేవాడు అదే పంటు మీద బైకు స్టాండు వేసుకుని నిలబడి ఉన్నాడు. ఇంకేం కావాలి? వీధి అరుగుల మీద లేసు అల్లుకునే ఆడవాళ్ళు చేతులు ఆడిస్తూనే ఎవరు ఏ ఇంటికి వెళ్ళారో చూస్తుంటారు. వాళ్ళకన్నా మంచి సాక్షులు పోలీసులకి దొరకరు.

మూడో అడుగు: ఇద్దరికీ దాచుకున్నది ఒకటి ఉండాలి

అవిశ్వాసులతో జోడుగా ఉండకూడదని పౌలు కొరింథీయులకు రాసిన మాట ఈ జానర్‌కి సరిహద్దు గీత. అందుకే చాలామంది చేసే పని, హీరోని అవిశ్వాసిగా మొదలుపెట్టి 30వ చాప్టర్‌లో మార్చేయడం. మారుమనస్సు అంటే అమ్మాయి కోసం కట్టే ఫీజులా కనిపిస్తుంది. విశ్వాసికీ నచ్చదు, కానివాడికీ నచ్చదు.

దీనికన్నా మన నేల మీదే ఉన్న గట్టి విషయం ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల్లో ఉన్నవాళ్ళకే ఎస్సీ హోదా. క్రైస్తవంలోకి మారిన దళితులు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందకి వస్తారు, ఆ కోటా 1 శాతం. ఆదివారం ఆరాధనకి వెళ్తూ, సర్టిఫికెట్‌లో మాత్రం హిందూ అని ఉన్న కుటుంబాలు మన మధ్య ఎన్ని ఉన్నాయో చదువరులకు నేను చెప్పక్కర్లేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో, క్రైస్తవాన్ని ఆచరిస్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది.

సుధీర్‌ని ఇక్కడ నిలబెట్టండి. మనసులో విశ్వాసి. అమ్మతో కాటేజ్ ప్రార్థనలకి (ఇళ్ళల్లో జరిగే ప్రార్థనలకి) వెళ్తాడు. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు, ఎందుకంటే సర్వేయర్ ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది, ఇంట్లో చెల్లి చదువు ఆ జీతం మీదే నడుస్తోంది. హద్దుల గురించి అతను రిపోర్టు రాస్తే విలన్ చేసేది చిన్న పని: ఇతను క్రైస్తవుడని కలెక్టర్‌కి ఒక అర్జీ. 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం కింద విచారణ మొదలవుతుంది.

చూశారా, విశ్వాసానికి ఇప్పుడు ధర ఏర్పడింది. ప్రేమకి కూడా, ఎందుకంటే బాప్తిస్మం లేని వాడికి పాస్టర్ అయ్యగారు తన సంఘంలో కెజియాతో పెళ్ళి చేయడు. సస్పెన్స్‌కి కూడా, ఎందుకంటే రిపోర్టు లేకపోతే నేరం రుజువు కాదు. మూడు పోగులూ ఒకే మనిషి మెడకి చుట్టుకున్నాయి.

ఒక హెచ్చరిక. ఇది నిజంగా మనుషులు బతుకుతున్న ఇరకాటం. చివర్లో సుధీర్ ఉద్యోగం వదిలేసి చేతులెత్తి స్తుతించేస్తే, అదే పరిస్థితిలో ఉన్న చదువరి మొహం మీద మీరు తలుపు వేసినట్టే. చెల్లి ఫీజు ఎవరు కడతారో కూడా రాయాలి. ఆ చట్టం న్యాయమా కాదా అని అతను దేవుడితోనే గొడవ పడనివ్వండి.

కెజియా రహస్యం చిన్నదే కానీ లోతైనది: నాన్న తప్పు చేశాడేమో అని ఆమెకి మొదటినుంచీ అనుమానం ఉంది. ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా.

నాలుగో అడుగు: విలన్ కథ ముందు రాయండి

హీరోయిన్ ఏం కనుక్కుంటుందో తెలియాలంటే వాడు ఏం పాతిపెట్టాడో ముందు తెలియాలి. నవలలో ఒక్క వాక్యం రాయకముందే విలన్ కథని అతని వైపునుంచి, తేదీల వారీగా, నాలుగైదు పేజీలు రాసి పెట్టుకోండి. ఇవి ఎవరికీ చూపించరు.

మన విలన్ దేవదానం మాస్టారు, మిషన్ స్కూల్లో రిటైరైన హెడ్మాస్టరు, సంఘ పెద్ద, ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించినవాడు. 2014లో చర్చి హాలు కట్టడానికి డబ్బు చాలలేదు. సమాధుల తోటలో తూర్పు ముక్క ఖాళీగా ఉంది, చనిపోయిన వాళ్ళకి అంత స్థలం ఎందుకనుకున్నాడు. పాత మిషన్ ఆస్తులు చాలావరకు పైన ఉన్న ట్రస్టు పేరు మీద ఉంటాయి, స్థానిక కమిటీకి అమ్మే హక్కు ఉండదు, ట్రస్టు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. అది లేదు కాబట్టి తయారు చేయించాడు. దాని వెనక ఉండాల్సిన తీర్మానం కోసం మినిట్స్ బుక్కులో ఖాళీ పేజీ మీద కోశాధికారి చేత సంతకం పెట్టించాడు. "మీరు చెబితే అంతే కదండీ మాస్టారూ" అని నాన్న పెట్టేశాడు. అడ్వాన్సులో కొంత హాలుకి, కొంత భార్య ఆపరేషన్‌కి వెళ్ళింది. 2016లో నాన్న జనరల్ బాడీలో లేచి చెప్పేస్తానన్నాడు.

ఇలాంటి విలన్‌కి భయం పుట్టించడానికి కత్తి అక్కర్లేదు. వాడు ప్రార్థన చేయిస్తాడు, బాగా చేయిస్తాడు, ఆ ప్రార్థన అబద్ధం కూడా కాదు. తాను చేసింది సంఘం కోసమే అని వాడు నమ్మాలి. అవిశ్వాసి రియల్ ఎస్టేట్ గూండానే విలన్‌గా పెట్టి సంఘంలో అందరూ దేవదూతలే అని రాస్తే, సంఘంలో పుట్టి పెరిగిన చదువరి నవ్వుతాడు. గూండా ఉండొచ్చు, కానీ వాడికి ఫోన్ చేసేది మాస్టారు.

ఐదో అడుగు: గడియారం పెట్టి అధ్యాయాలు పేర్చడం

సస్పెన్స్‌కి గడువు కావాలి. మన కథలో గడువు ఈస్టర్. తెల్లవారుజామున ఊరంతా, హైదరాబాదులో ఉద్యోగాలు చేసుకునే వాళ్ళతో సహా, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి వస్తారు. అంతకు ముందే సమాధులకి సున్నాలు వేయడం మొదలవుతుంది. తూర్పున హద్దురాళ్ళు జరిగాయని ఎవరో ఒకరికి తెలిసిపోతుంది. ఆ లోపే మాస్టారికి ఆ ముక్క రిజిస్ట్రేషన్ అయిపోవాలి. గుడ్ ఫ్రైడే సెలవు, కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ గురువారానికి. క్యాలెండరే కథకి టెన్షన్ తెచ్చిపెట్టింది, బాంబు పెట్టాల్సిన పని లేదు.

మీ గడువు ఏదైనా సంఘ క్యాలెండర్‌లోంచే తీయమని నా సలహా. క్రిస్మస్ కావాలంటే అర్ధరాత్రి ఇంటింటికీ తిరిగే క్యారల్ రౌండ్స్ ఉన్నాయి. గుంపులో ఒకరు తగ్గారని మూడు ఇళ్ళ తర్వాత గాని ఎవరికీ తెలియదు. డిసెంబర్ 31 వాచ్ నైట్‌లో ఊరంతా గుళ్ళో ఉంటుంది, ఇళ్ళన్నీ ఖాళీ. వేసవి కథ అయితే డెల్టాలో కాలవలు కట్టేసే రోజులు వాడుకోండి. నీళ్ళు దిగిపోయాక అడుగున ఏం పడి ఉందో అప్పుడు కనిపిస్తుంది.

ఇక అధ్యాయాలు. ముప్పై ఆరు అధ్యాయాలనుకుంటే ఒక్కోటి పదకొండు వందల పదాల చుట్టూ వస్తుంది, ఫోన్లో చదివేవాళ్ళకి అది సరైన ముక్క. నేను అట్టముక్కలు తీసుకుని మూడు రంగుల పెన్నులతో రాస్తాను, ఎరుపు ప్రమాదం, నీలం ప్రేమ, ఆకుపచ్చ విశ్వాసం. ఒక అట్టముక్క మీద ఒకే రంగు ఉంటే ఆ సీన్ బలహీనం అన్నమాట. కనీసం రెండు రంగులుండాలి, మలుపుల దగ్గర మూడూ ఉండాలి.

స్థూలంగా మన కథ ఇలా పడుతుంది. మొదటి అధ్యాయంలోనే, అమ్మమ్మ సమాధి దగ్గరికి వచ్చిన కెజియా, తమ కుటుంబం వరసలో ఉండాల్సిన ఒక సమాధి రాయి లేదని చూస్తుంది. అక్కడ గొలుసు పట్టుకుని నిలబడ్డ సర్వేయర్ మొహంలో కూడా అదే అయోమయం. ఆ రాత్రే ఆమె గదిలో ఎవరో వెతికి వెళ్తారు. ఆరో అధ్యాయానికి ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడాలి: ఆమెకి లెక్కలు చదవడం వచ్చు, అతనికి హద్దులు చదవడం వచ్చు. పన్నెండు దగ్గర మినిట్స్ బుక్కు దొరుకుతుంది, కానీ ఆ పేజీ చింపేసి ఉంది. పద్దెనిమిదిలో, సరిగ్గా మధ్యలో, నమ్మిన విషయం తలకిందులవ్వాలి. చింపిన పేజీ దొరుకుతుంది, దాని మీద నాన్న సంతకం. అదే రోజు సుధీర్ సర్టిఫికెట్ సంగతి కెజియాకి మాస్టారి నోటి నుంచి తెలుస్తుంది, ఎంతో జాలిగా, "నీ మంచికే చెబుతున్నానమ్మా" అంటూ. ఇద్దరూ విడిపోయేది ఇక్కడే. ఒక చిన్న అపార్థంతో విడదీయకండి, ఒక ఫోన్ కాల్‌తో తీరిపోయే గొడవకి చదువరి పది అధ్యాయాలు ఓపిక పట్టడు.

ఇరవై నాలుగు నుంచి ముప్పై దాకా వేట. ముప్పై దగ్గర అంతా పోయినట్టుండాలి. అర్జీ కలెక్టర్ ఆఫీసుకి చేరింది, పేజీ కాలిపోయింది, సంఘం కెజియాని వెలివేసినట్టే చూస్తోంది. ఆ తర్వాత గెలుపు వచ్చేది కొత్తగా దొరికిన సాక్ష్యం వల్ల కాకూడదు. వాళ్ళిద్దరూ దాచుకున్నది పైకి చెప్పడం వల్ల రావాలి. గుడ్ ఫ్రైడే నాడు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల ఆరాధన మధ్యలో కెజియా లేచి నాన్న సంతకం చేశాడని తానే చెబుతుంది. ఇక బెదిరించడానికి మాస్టారి దగ్గర ఏముంది? ముందురోజు రిజిస్ట్రేషన్ ఆగింది సుధీర్ రాతపూర్వకంగా పెట్టిన అభ్యంతరం వల్ల. పెట్టేముందు దాని ధర అతనికి తెలుసు.

ఆరో అడుగు: ప్రేమని ప్రమాదం మధ్యలో నడపడం

కౌగిలింతల జానర్ కాదు ఇది. కాబట్టి దగ్గరితనాన్ని వేరే దారుల్లో కొలవాలి. ఇందాక చెప్పిన పిన్ని ఫోను గుర్తుందా? ఇద్దరూ బహిరంగంగా కలవలేరు కాబట్టి ప్రతి కలయికకీ ఒక సాకు కావాలి, ప్రతి సాకూ ఒక రిస్కు. గ్రామ సచివాలయంలో కౌంటర్‌కి అటూ ఇటూ నిలబడి అడంగల్ (భూమి, సాగు వివరాల రికార్డు) కాపీ కోసం మాట్లాడుకుంటున్నట్టు నటిస్తూ ప్రాణభయం గురించి మాట్లాడుకునే సీన్‌లో ఉన్న వేడి వానపాటలో ఉండదు.

మర్యాద మాటలని వాడుకోండి. "సర్వేయర్ గారూ" నుంచి "సుధీర్ గారూ", అక్కడి నుంచి కంగారులో ఒక్కసారి జారిపోయిన "నువ్వు". ఆ మాట నోరు జారాక ఇద్దరూ వినపడనట్టే ఉండాలి. కాపాడటం కూడా ఒకవైపే సాగకూడదు. అతను ఆమెని పంటు మీద కాపాడితే, ఆమె అతన్ని ఒక అంకెతో కాపాడేలా చూడాలి, లెక్కల్లో దొరికిన ఒక రసీదు లాంటిది.

పెళ్ళితో ముగించే పనైతే వివరాలు సరిచూసుకోండి. లెంటులో పాత సంఘాలు సాధారణంగా పెళ్ళిళ్ళు చేయవు. గుళ్ళో పెళ్ళి ప్రకటనలు చదివే పద్ధతి ఉంది, ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగే ఆ క్షణం సస్పెన్స్ రచయితకి ఊరికే వదిలేసేది కాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా పెళ్ళి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే 30 రోజుల నోటీసు.

ఏడో అడుగు: ప్రార్థన ఎక్కడ, ప్రసంగం ఎంత

నా ఒక్క నియమం: ప్రార్థన ప్లాట్ సమస్యని పరిష్కరించకూడదు. దేవుడు జవాబివ్వడని కాదు. రచయిత తన చేతగానితనాన్ని దేవుడి మీద పెట్టకూడదని. ఇలా రాస్తారు చాలామంది:

"కెజియా మోకరించి కన్నీటితో ప్రార్థించింది. ఆమె హృదయంలో గొప్ప సమాధానం కలిగింది. లేచి బీరువా తెరిచింది. రిజిస్టరు అక్కడే ఉంది."

బదులుగా:

"గడియ వేసి తలుపుకి ఆనుకుంది. ప్రభువా అంది. ఆ తర్వాత మాట రాలేదు. బయట చెప్పుల చప్పుడు వరండా ఎక్కి ఆగింది. 'అమ్మాయ్ కెజియా, ఒక్కదానివే ఉన్నావా?' రెండో తరగతిలో తనకి కీర్తనలు నేర్పిన గొంతు."

రెండోదాంట్లో ప్రార్థన ఒక్క మాటే, అయినా అదే ప్రార్థన.

వాక్యం కథలో పని చేయాలి. మొదటి రాజుల గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు ద్రాక్షతోట కథ ఉంది: యెజెబెలు రాజు పేరుతో తాకీదులు రాసి, రాజు ముద్ర వేసి, ఇద్దరు అబద్ధ సాక్షులని పెట్టించి, ఒకడి భూమి లాక్కుంటుంది. లెంటు ఆదివారం మాస్టారే ఆ భాగాన్ని చదువుతున్నాడనుకోండి, ముద్ర దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు తడబడింది. కెజియా బుర్ర అక్కడ పట్టుకుంది: పవర్ ఆఫ్ అటార్నీ మీద ట్రస్టు ముద్ర, అది ఎవరు వేశారు? దర్శనం అక్కర్లేదు, ఆమె తన తెలివితోనే కనుక్కుంది.

కోపానికి కూడా చోటివ్వండి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, ఓదార్పు లేకుండా. బైబిల్లోనే అంత చోటుంటే మీ హీరోయిన్‌కి ఎందుకు ఉండకూడదు? యోబుకి కష్టాలు తీరాక పుట్టిన కూతుళ్ళలో ఒకామె పేరు కెజియా. నాన్న ఆ పేరు ఎందుకు పెట్టాడో ఆమె ఒకచోట కోపంగా అడగొచ్చు. పాస్టర్ గారి ప్రసంగం నాలుగు వాక్యాలు దాటితే కొట్టేయండి.

ఎనిమిదో అడుగు: పోలీసులు, కాగితాలు

2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ లేవు, భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత వచ్చాయి. హత్య కేసు ఇప్పుడు 302 కాదు, 103. అనుమానాస్పద మృతి 174 కింద కాదు, 194 కింద. కానీ కెజియా నాన్న పోయింది 2016లో, ఆ పాత ఫైలు మీద 174 అనే ఉంటుంది. ఇలాంటి చోట తప్పు రాస్తే లాయర్ చదువరి అక్కడే పుస్తకం మూసేస్తాడు.

కొన్ని నియమాలు కథకి పనికొచ్చేవే. ఊళ్ళో ఎస్సై మాస్టారి శిష్యుడైతే కెజియా విజయవాడలోనే జీరో ఎఫ్‌ఐఆర్ (నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇచ్చే ఫిర్యాదు) ఇవ్వొచ్చు. ఆడవాళ్ళని సాక్షిగా స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికే వచ్చి అడగాలి. కాబట్టి రాత్రి పూట "స్టేషన్‌కి రా" అన్న ఫోను వస్తే చదువరికి ముందే అనుమానం రావాలి. ప్రత్యేక పరిస్థితులుంటే తప్ప సూర్యాస్తమయం తర్వాత మహిళని అరెస్టు చేయకూడదు. అరెస్టయిన వాళ్ళని 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి.

భూమి కాగితాల్లో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా), లింకు డాక్యుమెంట్లు (వెనకటి యజమానుల దస్తావేజులు), 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్టర్ చేయకూడని భూముల పట్టిక), ఈ మూడింటి పని తెలిస్తే చాలు. డాక్యుమెంట్ రైటర్ దగ్గర ఒక గంట కూర్చుని టీ తాగితే ఏ పుస్తకమూ చెప్పని ప్లాట్లు చెబుతాడు.

తొమ్మిదో అడుగు: రాసేటప్పుడు

మొదటి చిత్తుప్రతి వేగంగా లాగేయండి, వెనక్కి తిరిగి దిద్దొద్దు. ఒక సీన్ కెజియా వైపునుంచి, ఒకటి సుధీర్ వైపునుంచి రాయడం ఈ జానర్‌కి బాగా కుదురుతుంది. ఒకరికి తెలిసింది రెండోవారికి తెలియకపోవడంలోనే సగం ఉత్కంఠ ఉంది. విలన్ మనసులోకి వెళ్ళాలనిపిస్తే అతని పేరు దాచి వెళ్ళే ట్రిక్కు వాడకండి, అది చాలా అరిగిపోయింది.

సంఘం మాటలు సంఘం మాటల్లాగే రావాలి. వందనాలు, అయ్యగారు, పాస్టరమ్మ, సాక్ష్యం, మట్టల ఆదివారం, ఉపవాస కూటం. వివరణ ఇవ్వొద్దు, సందర్భమే చెబుతుంది. అలాగని అందరి నోటా బైబిలు భాష పెట్టకండి. "ప్రభువు చిత్తమైతే వచ్చెదను" అని ఏ 29 ఏళ్ళ అమ్మాయీ వాట్సాప్‌లో పెట్టదు. గోదావరి యాస "అండి", "ఆయ్" అని ప్రతి వాక్యానికీ తగిలిస్తే సినిమా కామెడీ ట్రాక్ అయిపోతుంది, పెద్దవాళ్ళ నోట అక్కడక్కడ చాలు.

పదో అడుగు: దిద్దడం, బయటికి పంపడం

రెండు వారాలు పక్కన పెట్టి, మూడు రంగుల పెన్నులతో మళ్ళీ చదవండి. ఒకే రంగు వరసగా మూడు అధ్యాయాలు కనిపిస్తే అక్కడ కథ తెగింది. ప్రతి ఆధారం విలన్ తేదీల పట్టికతో సరిపోతోందో చూడండి. ఒక పాస్టరమ్మ చేత, ఒక లాయర్ చేత, చర్చి మొహం చూడని ఒక థ్రిల్లర్ పిచ్చోడి చేత చదివించండి. మూడో మనిషి ఏ పేజీలో ఫోను తీశాడో అడిగి రాసుకోండి, ఆ పేజీలో దాదాపు ఖాయంగా ఒక ప్రసంగం ఉంటుంది. పాస్టరమ్మకి విలన్ సంఘ పెద్ద కావడం నచ్చకపోతే కారణం వినండి గానీ విలన్‌ని మార్చకండి.

ప్రతిలిపి లాంటి కథల యాప్‌లో సీరియల్‌గా పెట్టాలనుకుంటే నవల మొత్తం పూర్తయ్యాకే మొదటి భాగం పెట్టండి. సస్పెన్స్‌లో ఇరవయ్యో భాగం రాస్తుంటే మూడో భాగంలో ఒక తాళంచెవి పెట్టాల్సిన అవసరం వస్తుంది, అప్పటికే అది జనం చదివేసి ఉంటారు. భాగం చివర ప్రతిసారీ అరుపుతో ఆపక్కర్లేదు. కెజియా మినిట్స్ బుక్కు తెరిచి, పేజీ నంబర్లు లెక్కపెట్టి, 46 తర్వాత 49 ఉందని చూసిన చోట ఆపితే జనం వచ్చే భాగానికి వాళ్ళంతట వాళ్ళే వస్తారు.